పలికే పేజీ

తాలాయ్ బిష్కెక్‌లో చిన్న వెబ్ స్టూడియో నడుపుతాడు. అంధుల సంఘం భవనం ముందు, రోడ్డు పక్క కాలవ గట్టున అతని కారు ఆగి ఉంది. ఆ సంఘం లైబ్రరీ కోసం తను చేసిన వెబ్ పేజీని ఇందాకే లోపల హాల్లో అందరికీ చూపించి వచ్చాడు. ఇంజను నడుస్తోంది గాని కారు కదలడం లేదు. వెనక సీట్లో అతని దగ్గర పనిచేసే చొల్పోన్ కూర్చుని ఉంది; అతన్ని బైకే, అంటే అన్నా, అని పిలుస్తుంది.

"బెల్టు పెట్టుకోనంటే పెట్టుకోను బైకే. నేనిక్కణ్ణించి కదలను."

"ఆఫీసుకి వెళ్ళాలి మనం."

"ఎందుకు?"

"పనుంది."

"ఏం పని?"

"ఏదో పని. ఆఫీసన్నాక పనుండదా?"

"లోపల మనకోసం టీ పెట్టారు. పిండిముక్కలు నూనెలో వేసి బోర్సోక్ వేయించారు. నూనె వాసన కారిడార్ దాకా వచ్చింది. మనం పారిపోయొచ్చాం."

"పారిపోలేదు. పనుందని చెప్పే వచ్చాను."

"ఎవరికి చెప్పారు?"

"వాచ్‌మన్‌కి."

"వాచ్‌మన్‌కి."

"చొల్పోన్, హీటర్ తగ్గించనా? నీకు ఉక్కపోస్తున్నట్టుంది."

"పేజీలోంచి వచ్చిన గొంతు నాది. బైకే, మిమ్మల్నే. ఆ గొంతు నాది."

"నీదే. పోయిన వారం రికార్డు చేశాం కదా. నువ్వే కదా చదివావు."

"నమూనా అని చెప్పారు. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రాం మన భాషలో మాట్లాడితే ఎలా ఉంటుందో విరాళమిచ్చే విదేశీవాళ్ళకి వినిపించాలి, నాలుగు ముక్కలు చదవమన్నారు. చదివాను. ఇవాళ హాల్లో వెనక నిలబడి నా గొంతు నేనే విన్నాను. చూపులేనివాళ్ళు అంతమంది కూర్చుని, తమ మెషిన్ కిర్గిజ్‌లో మాట్లాడుతోందనుకుని ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుంటున్నారు."

"నెమ్మదిగా మాట్లాడు. అద్దం దించి ఉంది."

"హాల్లో నోరు విప్పొద్దని ఎందుకన్నారో ఇప్పుడర్థమైంది. పెద్దవాళ్ళుంటారు, మర్యాద అన్నారు. నేనూ నిజమే కాబోలనుకున్నా."

"మరేం చెయ్యమంటావు? పేజీ అంతా పూర్తయ్యాక వాళ్ళ చదివే ప్రోగ్రాం పెట్టి చూస్తే ఒక్క ముక్క పలకలేదు. ఎక్కడ నొక్కినా ఖాళీ, ఖాళీ, ఖాళీ. ఈలోగా తేదీ పెట్టేశారు, పిలుపులు వెళ్ళిపోయాయి, విదేశీవాళ్ళు విమానం ఎక్కేశారు."

"పలకదని ముందే చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఏమని చెప్పాను?"

"ఇప్పుడు నాకు పరీక్ష పెడుతున్నావా?"

"మార్కప్‌లో రాద్దామన్నాను. ఇది శీర్షిక, ఇది పుస్తకాల జాబితా, ఇది బటన్ అని ఏది ఏదో పేజీలోనే పేరుపెట్టి రాస్తే చాలు. ఎలా చూపించాలో బ్రౌజర్ చూసుకుంటుంది. ఎలా చదివి వినిపించాలో వాళ్ళ ప్రోగ్రాం చూసుకుంటుంది. మీరేమన్నారు?"

"గుర్తులేదు."

"మీటింగులో అందరి ముందూ అన్నారు. 'చొల్పోన్ మనచేత కొట్టు మీద బోర్డులు రాయిస్తుందట' అన్నారు."

"నవ్వులాటకన్నాను."

"అందరూ నవ్వారు. సిగ్గేసి నేనూ నవ్వాను."

"పేజీలో పుస్తకాల అట్టలు తిరిగే ఆ చక్రం మార్కప్‌తో వస్తుందా, చెప్పు. అట్ట మీద బాణం పెడితే అది తిరగాలి, ముందుకి రావాలి, కాగితం నీడ కింద పడాలి. ఒక్కో చుక్కా స్క్రిప్ట్‌తో, ఎలా కదలాలో నేనే ఆదేశాలు రాసి, కూర్చుని గీశాను. ప్రతి కదలికా నా చేతిలో ఉంటుంది. మార్కప్ అంటే నువ్వు అడగడం, బ్రౌజర్ తనకి తోచింది ఇవ్వడం. నేనలా పనిచెయ్యలేను. ఎప్పుడూ చెయ్యలేదు."

"చూపులేనివాళ్ళ లైబ్రరీకి, తిరిగే అట్టల చక్రం."

"విరాళమిచ్చేవాళ్ళకి చూపుంది."

"స్క్రిప్టే వద్దని నేననలేదు బైకే. అడుగున అన్నిటికీ పేర్లుపెట్టి రాసుకుని, పైన మీ ఇష్టం వచ్చినంత తిప్పుకోండన్నాను. అది కూడా నవ్వులాటలో కొట్టుకుపోయింది."

"సరే. తప్పే. తిరిగి రాస్తాను. ఎవరికీ తెలీకుండా నెమ్మదిగా రాసి, పాతది తీసేసి కొత్తది పెట్టేస్తాం. ఇప్పుడు బెల్టు పెట్టుకో."

"ఆవిడ సంగతి?"

"ఎవరి సంగతి?"

"ఎవరని అడుగుతున్నారా? హాల్లో కీబోర్డు ముందు కూర్చున్నావిడ."

"బుబుసరా ఎజె, ఆ పెద్దక్క సంగతేముంది? లైబ్రరీ చూసుకునేది ఆవిడే. కొత్త పేజీ వచ్చినప్పుడు కొత్తది చూస్తుంది."

"ఒకదాన్నించి ఇంకోదానికి వెళ్ళే ట్యాబ్ మీట నొక్కినప్పుడల్లా ఒక రికార్డు పలికేలా స్క్రిప్ట్ పెట్టారు. మొదట 'స్వాగతం', తర్వాత 'కథలు', తర్వాత 'గొర్రెలకాపరుల పాటలు'. ఆవిడ ఎటు వెళ్ళినా వరస అదే. అవునా?"

"ఆవిడ ముందుకే వెళ్తుందనుకున్నాను."

"మనుషులు వెనక్కి వెళ్ళరా? ఏదో పేరు చెవినపడి, అరే బాగుందే, ఇంకోసారి విందామనుకోరా?"

"ఆ టైములో నాకు తట్టలేదు."

"ఆవిడ వెనక్కి నొక్కింది. నా గొంతు ముందుకి పోయింది. మళ్ళీ వెనక్కి నొక్కింది. 'మీ పుస్తకం సిద్ధం' అన్నాను నేను. ఏ పుస్తకమో ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు. ఆ తర్వాత ఎంత నొక్కినా చప్పుడు లేదు. హాలంతా నవ్వు."

"ఎగతాళి నవ్వు కాదది. వాళ్ళలో వాళ్ళు..."

"అప్పుడు మీరు మైకు తీసుకున్నారు."

"చాలు చొల్పోన్."

"తీసుకుని ఏమన్నారు?"

"ఏదో అన్నాను. అంతమంది ముందు ఏదో ఒకటి అనాలి కదా."

"ఏమన్నారు బైకే?"

"ఎజెకి కొత్త కదా అన్నాను."

"ఇంకా?"

"అలవాటు లేక వేరే మీట నొక్కారన్నాను."

"ఇంకా?"

"పెద్దవాళ్ళ వేళ్ళు, మన మాట వినవు అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక గాని నాకు వినపడలేదు. ఆవిడ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చూశావా నువ్వు? ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, కొంగులో దాచుకున్నట్టు. నేనింకా మైకులో నవ్వుతూనే ఉన్నాను."

"చూశాను."

"అందుకే టీకి ఉండలేకపోయాను. ఇప్పుడు తెలిసిందా? ఆవిడ పక్కన కూర్చుని బోర్సోక్ ఎలా తిననూ?"

"తిరిగి వెళ్ళి చెప్పేస్తే తినొచ్చు."

"ఏమని చెప్పను?"

"జరిగిందే."

"స్టూడియో మూసుకోవలసిందే."

"నేనూ అక్కడే పనిచేస్తున్నాను కదా. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. బైకే, గేట్లోంచి ఎవరో వస్తున్నారు."

"ఎవరు?"

"ఆవిడే. కర్ర తాటిస్తూ వస్తోంది. చేతిలో సంచీ ఉంది."

"బజారుకి వెళ్తుందేమో."

"మనవైపే వస్తోంది. ఇంజను చప్పుడు పట్టుకుని వస్తోంది."

"ఇంజను ఆపేస్తాను."

"ఆపితే కాలవలో పడుతుంది. దిగండి. వెళ్ళి చెయ్యి పట్టుకోండి."

"విను చొల్పోన్. నువ్వు మాట్లాడొద్దు. ఒక్క ముక్క కూడా. నీ గొంతు వింటే గుర్తుపట్టేస్తుంది."

"పట్టనీండి."

"నేను చెప్తాను. ఒట్టు, నేనే చెప్తాను. నీ గొంతు విని ఆవిడకి తెలియడం వేరు, నేను చెప్పగా తెలియడం వేరు. ఆ కాస్త మర్యాదయినా నాకు మిగల్చు."

"చెప్తారా?"

"చెప్తానన్నాను కదా."

"సరే. వెళ్ళండి, కాలవ దగ్గరికొచ్చేసింది."

కాలవ మీది పలక దాటించడానికి ఆమె చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక, తాలాయ్ తన మోచెయ్యి అందించాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. వెనక చొల్పోన్ తన బ్యాగుని చప్పుడు కాకుండా ఒళ్ళో అదిమిపట్టుకుని కూర్చుంది.

"తలుపు గట్టిగా వేసేశాను, ఏమీ అనుకోకు నాయనా. కార్ల తలుపులు నాకు అలవాటు లేదు."

"పర్లేదు ఎజే."

"వెళ్ళిపోయావేమో అనుకున్నా. కారు ఇంకా బయటే ఉంది, ఇంజను నడుస్తోందని వాచ్‌మన్ చెప్పాడు. ఇదుగో, ఇవి పట్టుకో. వేడిగా ఉన్నాయి. వచ్చినవాడు టీ అయినా తాగకుండా వెళ్తే వండినవాళ్ళకి ఏదోలా ఉంటుంది."

"మీరెందుకు శ్రమపడి ఇంత దూరం..."

"బోర్సోక్ కోసమే రాలేదు. క్షమించమని అడగడానికి వచ్చాను."

"ఎవర్ని?"

"నిన్నే. ఇంకెవరున్నారిక్కడ?"

"మీరు నన్ను అడగడమేంటి ఎజే?"

"అంతమంది ముందు నీ పని పాడుచేశాను. నువ్వు ఎన్నాళ్ళు కూర్చుని కట్టావో. విదేశీవాళ్ళ ముందు నీ పరువు పోయేలా చేశాను. నువ్వు మంచివాడివి కాబట్టి నవ్వేసి ఊరుకున్నావు."

"లేదెజే. అలా కాదు."

"నన్ను చెప్పనీ. మా మెషిన్లు రష్యన్‌లోనే మాట్లాడతాయి. అది కూడా డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టు. ఇవాళ నీ పేజీ తనంతట తనే మాట్లాడుతుందన్నావు. సరే చూద్దాం అనుకున్నా. మన భాషలో మాట్లాడింది. ఆడపిల్ల గొంతు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది నాయనా. ఆ ఊపిరి కూడా నాకు వినిపించింది. మెషిన్‌కి ఊపిరి ఎలా పెట్టావు?"

"అది... అదలా వస్తుంది."

"అందుకే వెనక్కి నొక్కాను. ఆ గొర్రెలకాపరుల పాటలని పలికిందే, ఆ మాట మళ్ళీ ఒక్కసారి విందామని. మా అమ్మవాళ్ళు కొండమీద పచ్చికకి వెళ్ళినప్పుడు అలానే అనేవాళ్ళు. పని చూడమని కూర్చోబెడితే పని చూడాలి గాని ఆశపడకూడదు. నా తప్పే."

"వెనక్కి నొక్కడం తప్పు కాదెజే."

"కాకపోతే ఎందుకాగిపోయింది? నాకు వరస చెప్పు."

"ఏ వరస?"

"మీటల వరస. ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు. కంఠతా పట్టేస్తాను. అదే వరసలో వెళ్ళాలి, వెనక్కి నొక్కొద్దు అని మావాళ్ళందరికీ చెప్పిస్తాను."

"చెప్పించడమేంటి? మీరే కదా నేర్పేది వాళ్ళకి."

"ఇంక కాదు."

"అంటే?"

"లైబ్రరీ వదిలేశాను."

"ఎప్పుడు?"

"ఇందాకే. టీ దగ్గర లేచి అందరికీ చెప్పేశాను. ఛైర్మన్ వద్దన్నాడు, నేనే వినలేదు. ఈ కొత్త వాటికి చురుకైనవాళ్ళు కావాలి. నువ్వన్నది నిజమే. వేళ్ళు మాట వినడం లేదు. కొంతకాలంగా నాకే అనుమానంగా ఉంది, పైకి ఒప్పుకోలేదంతే. అందరి ముందూ నువ్వన్నాక ఒప్పుకోక తప్పలేదు. నీమీద నాకేం కోపం లేదు సుమా."

"ఎజే, మీ వేళ్ళకేమీ కాలేదు."

"ఓదార్చకు. ఓదార్పు కోసం రాలేదు."

"ఓదార్చడం కాదు. పేజీ పలకదు."

"పలికింది కదా. నేను విన్నాను."

"పలికింది పేజీ కాదు. ఒకమ్మాయి చేత చదివించి రికార్డు చేశాను. మీరు మీట నొక్కినప్పుడల్లా ఒక ముక్క వినిపించేలా పెట్టాను. అంతే ఉంది అందులో. ఇంకేం లేదు."

"ఒక్క నిమిషం. నెమ్మదిగా చెప్పు. నేను 'కథలు' దగ్గరికి వెళ్తే 'కథలు' అంది కదా?"

"రెండోసారి నొక్కారు కాబట్టి 'కథలు' అంది. మీరు ఎక్కడ నొక్కినా రెండోసారి అదే అంటుంది."

"అక్కడ కథలు లేవా?"

"ఉన్నాయి. చూపున్నవాళ్ళకి."

"మరి నేనెక్కడున్నాను?"

"ఎక్కడా లేరు. మీరెక్కడున్నారో పేజీకి తెలీదు. ఇది జాబితా, ఇది బటన్ అని ఎక్కడా రాయలేదు నేను. అన్నీ బొమ్మల్లా గీశాను. మీ ప్రోగ్రాంకి అక్కడ చదవడానికేమీ దొరకదు."

"వెనక్కి వెళ్ళినప్పుడు?"

"వెనక్కి అనేదే లేదు."

"ఇది నీకు హాల్లోకి రాకముందే తెలుసు."

"తెలుసు."

"మైకులో నా వేళ్ళ మాట అన్నప్పుడూ తెలుసు."

"తెలుసు ఎజే. ఏదైనా అనండి."

"ఆ సంచీ ఇటియ్యి."

"ఇదుగోండి."

"ఒకటైనా తిన్నావా?"

"లేదు."

"మంచిపని చేశావు."

"నన్ను తిట్టండి ఎజే. అందరూ వినేలా తిట్టండి."

"తిడితే నీకు తేలికవుతుంది. నాకేం వస్తుంది? నేను లేచి నిలబడి, నాకు చేతకాదు అని నా నోటితో నేను చెప్పుకున్నాను. ఆ మాట ఇప్పుడెలా వెనక్కి తీసుకోను? మా ఇళ్ళకి ఫోన్లు కూడా చేసేశారు కొందరు. మన భాష మాట్లాడుతోందని. మాలో కెరిమ్ అనే అతనైతే ఫోన్లో ఏడ్చాడు."

"నేనొచ్చి చెప్తాను. ఇప్పుడే వస్తాను. అందరూ ఉన్నారా?"

"ఉన్నారు. ఆ విదేశీవాళ్ళు కూడా ఉన్నారు."

"ఉండనీండి."

"మైకులో చెప్పాలి. నాకు చెప్పినట్టు గొణగడం కాదు. పేజీ సంగతి చెప్పి, నా వేళ్ళ సంగతి చెప్పాలి."

"ముందు మీ వేళ్ళ సంగతి చెప్తాను. తర్వాత పేజీ."

"అలాగే కానీ."

"మళ్ళీ రాస్తాను ఎజే. ఆ చక్రం తీసిపారేసి..."

"ఏం చక్రం?"

"పుస్తకాల అట్టలు తిరుగుతుంటాయి. మీకు చెప్పలేదు."

"ఎవరి కోసం? సరే, చెప్పకు."

"ప్రతిదానికీ పేరుపెట్టి రాస్తాను. మా ఆఫీసులో ఒకమ్మాయి మొదట్నుంచీ అదే చెప్పింది. అందరి ముందూ నవ్వి నోరు మూయించాను. అలా రాస్తే మీ ప్రోగ్రామే చదువుతుంది."

"రష్యన్‌లోనా?"

"రష్యన్‌లోనే. డబ్బాలో రాళ్ళలాగే. కానీ మీరు వెనక్కి వెళ్తే వెనక్కి వస్తుంది. శీర్షికల మీద దూకితే దూకుతుంది. మీరెక్కడుంటే అక్కడి మాటే చెప్తుంది."

"రాళ్ళయినా ఫరవాలేదు. అబద్ధం చెప్పకపోతే చాలు. తలుపు ఎటు తెరవాలి?"

"ఉండండి, నేనొచ్చి తీస్తాను."

"ఆగు. ఒకటడుగుతాను, దానికైనా నిజం చెప్పు. ఆ చదివిన పిల్లకి ఇదంతా తెలుసా? ఎందుకు చదివిస్తున్నావో తెలిసే చదివిందా?"

"తెలీదు. నమూనా అని చెప్పి చదివించాను. ఇవాళ హాల్లో నా అబద్ధం వినేదాకా ఆ అమ్మాయికి ఏమీ తెలీదు."

"అనుకున్నాను. అంత శుభ్రంగా చదివే పిల్ల మోసం చెయ్యదు. తెలిసుంటే నాకు చెప్పకుండా ఊరుకునేది కాదు. నన్నలా నా వేళ్ళని తిట్టుకోనిచ్చేది కాదు. ఆ పిల్లని ఒకసారి నా దగ్గరికి తీసుకురా. ఈ సంచీ ఆమెకిస్తాను."

"ఎజే..."

"ఏం, తీసుకురావా?"

"అది కాదెజే..."

"బైకే, నేను చెప్తాను. బుబుసరా ఎజే, నేనే. నా పేరు చొల్పోన్. వెనక సీట్లో ఉన్నానెజే."

"నేనొచ్చినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నావా తల్లీ?"